మడత పేచీ

జూన్ 4

పిడుగూ,

పెట్టె తెరవగానే నువ్వు ఉత్తరం వెతకవు, మడత పీటనే చూస్తావు. నీ సంగతి నాకు తెలుసు కాబట్టే దీన్ని పీట మడతలో ఇరికించాను. పీట విప్పగానే ఉత్తరం నీ ఒళ్ళో పడాలి.

శాంపిల్ పెట్టెలో ఉత్తరాలు పెట్టుకునే మన అలవాటు చూసి కొరియర్ వాళ్ళు నవ్వుకుంటున్నారో ఏమో గానీ, నాకు ఇంతకంటే మంచి దారి కనిపించదు. ఆఫీసు మెయిల్‌లో రాస్తే పది మంది చదువుతారు. ఫోన్ చేస్తే నువ్వొకటి, నేనొకటి అనుకుని గొంతులు పెంచుతాం. చివరికి మీ అన్నయ్య ఫోన్ లాక్కుని, "మీ ఇద్దరి మధ్యా నేను అడకత్తెరలో పోకచెక్కనైపోయాను" అంటాడు.

కత్తెర అంటే గుర్తొచ్చింది. మా ఆఫీసులో కొనుగోళ్ళు చూసే పెద్దాయన్ని మేం కత్తెర గారంటామని చెప్పాను కదా. మొన్న మీటింగులో ఆయన వేరే కంపెనీ మడత పీట ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "పిండి కొద్దీ రొట్టె అని నాకు చెప్పకండి. పిండి తగ్గాలి, రొట్టె అంతే ఉండాలి. మీ పీట ధర దీనికంటే దిగాలి" అన్నాడు. దిగకపోతే ఆర్డరు ఇంకో దేశంలో ఇంకో ఫ్యాక్టరీకి పోతుంది. ఆ ఫ్యాక్టరీ వాళ్ళతో ఆయన అప్పుడే మాట్లాడేశాడు. అంటే మీ ఫ్యాక్టరీలో నీ లైను ఆగిపోతుంది. ఇది నీకు చెప్పకూడదట. చెప్పకుండా నేనెలా ఉంటాను?

కూర్చుని లెక్క వేశాను. మన పీటలో ఖరీదైంది ప్లాస్టిక్ కాదు, స్టీలు కొక్కెం. పీట విప్పి ఎక్కినప్పుడు కాళ్ళు మళ్ళీ మడుచుకుపోకుండా పట్టుకునేది అదొక్కటే, కాదనను. కానీ అది మూడో దేశంలో తయారై, ఓడలో మీ దగ్గరికి రావాలి. ఓడ ఆలస్యమైతే మీరంతా చేతులు ముడుచుకుని కూర్చోవాలి. వచ్చాక దాన్ని బిగించడానికి ఇద్దరు మనుషులు కావాలి. పైగా అది బయటికి పొడుచుకుని ఉండటంతో పీట సాపుగా మడతపడదు. మన కంటైనర్లలో పీటల కంటే గాలి ఎక్కువ ప్రయాణం చేస్తోంది.

అందుకని కొక్కెం తీసేశాను. దాని బదులు కాలి మీద శనగగింజంత బొడిపె, పక్క పలకలో దానికి సరిపడే కన్నం. విప్పితే బొడిపె వెళ్ళి కన్నంలో టక్‌మని కూర్చుంటుంది. అంతా ఒకే అచ్చులో, ఒకే ప్లాస్టిక్‌తో వస్తుంది. ఇందులో ఉన్నది ఇక్కడ చేత్తో చెక్కించిన నమూనా. నువ్వు అచ్చు మార్పించి, అసలు పీటలు కొన్ని చేసి పంపు. నీకేమనిపిస్తోందో రాయి. ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు. అసలు మొగుడి మాట వినకపోయినా నీ మాట వింటాను.

అత్తయ్య బాగుంది. వంటింట్లో పై అర అందట్లేదని రోజూ మీ అన్నయ్య ఎత్తుని తిడుతోంది. అంత పొడుగ్గా ఉండి అరలు అంత పైన పెట్టించింది వాడేనట.

నీ వదిన

~

జూన్ 19

వదినా,

ఉత్తరం నా ఒళ్ళో పడలేదు, గ్రీజు డబ్బాలో పడింది. రెండో పేజీలో "అసలు మొగుడి" దగ్గర నల్లటి మరక. అన్నయ్య గురించి ఏం తిట్టావో సగమే తెలిసింది.

అచ్చు మార్పించాను. అచ్చు పని చేసే ముసలాయన సణుగుతూనే చేశాడు, చేశాక మాత్రం పీటని పదిసార్లు విప్పి, మడిచి, చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. నిజంగానే టక్‌మంటోంది. లైనులో ఆడవాళ్ళంతా తలోసారి టక్‌మనిపించారు. మంచి పనేనని నాకూ అనిపించింది, అబద్ధమెందుకు.

ఒక్క సంగతి. నాలుగు పీటల్ని మడిచి రేకుల షెడ్డులో వదిలేశాను. ఓడకి వెళ్ళే పెట్టెలు ఆ షెడ్డులోనే ఉంటాయి కదా అని. వారం పోయాక విప్పితే మూడు టక్‌మన్నాయి. నాలుగోది టప్‌మంది. టక్‌కీ టప్‌కీ తేడా కాయితం మీద ఎలా రాయాలో నాకు తెలియదు. బరువు పరీక్ష పెడితే నాలుగూ నిలబడ్డాయి. నా చెవి భ్రమేమో. అచ్చులోంచి కొత్తగా తీసినవి కొన్ని ఈ పెట్టెలో పంపుతున్నాను.

లైనులో ఎవరికి ఎవరు చెప్పారో గానీ, ఆర్డరు పోతుందన్న మాట పాకిపోయింది. పొద్దున్నే గేటు దగ్గరే ఆపి, "అక్కా, పీట ఉంటుందా?" అని అడుగుతున్నారు. ప్యాకింగులో చేసే ఆవిడ కిందటి నెలే కొత్త ఇంట్లో చేరింది. నన్ను చూసినప్పుడల్లా ఆ ఇంటి కబుర్లే చెప్తుంది, ఆర్డరు సంగతి మాత్రం అడగదు.

కొక్కెం ఉంటే నాకు నిశ్చింత. కొక్కెం ఉంటే ఆర్డరు లేదంటున్నారు. ఇంక నేను చెప్పడానికేముంది? తీసేస్తారో, ఉంచుతారో, మీ ఇష్టం.

అమ్మని అడిగానని చెప్పండి.

మరదలు

~

జులై 2

పిడుగూ,

ఎన్నాళ్ళకి నా మాటకి అడ్డు చెప్పకుండా ఒక ఉత్తరం రాశావమ్మా! మీ అన్నయ్యకి చూపిద్దామనుకున్నాను గానీ, అంతకంటే పెద్ద పనికే పనికొచ్చింది. మీటింగులో కత్తెర గారు, "ఫ్యాక్టరీ ఏమంటోంది?" అని అడిగాడు. "నిర్ణయం మాకే వదిలేశారండీ" అని నీ చివరి ముక్క చదివి వినిపించాను. "తీసేస్తారో, ఉంచుతారో, మీ ఇష్టం." ఆయన ముఖం వికసించింది. "ఇలా సహకరించే ఫ్యాక్టరీ ఉండగా వేరే చోటికి ఎందుకు?" అంటూ అక్కడికక్కడే సంతకం చేశాడు.

నీ లైను నిలబడింది. ప్యాకింగు ఆవిడతో చెప్పు, కొత్త ఇంట్లో హాయిగా నిద్రపొమ్మని.

నీ టక్కూ టప్పూ కోసం నేనూ చెవి పెట్టాను, నాకన్నీ ఒకేలా వినిపించాయి. నువ్వు పంపిన పీటల మీద మా అకౌంట్సు ఆయన్ని, ఉన్నవాళ్ళలో బరువైనవాణ్ణి, ఎక్కించి గెంతమన్నాను. పీటకేం కాలేదు, ఆయనకే ఆయాసం వచ్చింది. యంత్రం నిలబడిందంటోంది, మనిషీ నిలబడ్డాడు. ఇంక మన చెవుల్ని నమ్ముకుని ఏం చేస్తాం?

ఒక పీట ఇంటికి తెచ్చాను. అత్తయ్య ఆనందం చూడాలి. పొద్దున లేవగానే విప్పి, ఎక్కి, పై అరలోంచి పంచదార డబ్బా తీసి, దిగి, మడిచి, పొయ్యి గట్టు పక్క సందులో పెట్టేస్తోంది. అక్కడైతే ఎవరి కాళ్ళకీ అడ్డం రాదట. పక్కింటివాళ్ళు చూడ్డానికొస్తే, "మా అమ్మాయి చేసిన పీట" అని చూపిస్తోంది. గీసింది నేనన్న సంగతి ఆవిడకి గుర్తుండదు. పోనీలే.

ఈ నెల మూడో వారంలో మొదటి కంటైనర్లు ఓడ ఎక్కాలి. ఇంక నీ చేతిలో పని.

నీ వదిన

~

జులై 9

వదినా,

'మీ ఇష్టం' అన్నాను. నిజమే, నేనే రాశాను. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో కోడలివై ఉండి ఆ మాటకి అర్థం తెలియదా నీకు?

నీ పెళ్ళైన కొత్తలో ముందు గదికి ఆకుపచ్చ రంగు వేయిస్తానన్నావు. అమ్మ, "మీ ఇష్టం" అంది. వేయించావా? అన్నయ్య నిన్ను పక్కకి పిలిచి ఏం చెప్పాడో గుర్తు తెచ్చుకో. నాన్న ఉన్న రోజుల్లో అమ్మ ఆ మాట అందంటే ఆ పూట వంటింట్లో గిన్నెలన్నీ చప్పుడు చేసేవి. మా ఇంట్లో 'మీ ఇష్టం' అంటే తలుపు ముఖాన వేసినట్టు. అయినా నిన్ను నేనెప్పుడైనా మీరు అన్నానా? ఉత్తరం చివర మీరూ, అండీ అని రాస్తే నాకు ఒళ్ళు మండుతోందని తెలియదా? ఇంట్లో మాటని తీసుకెళ్ళి మీటింగులో చదువుతావా?

అది అటుంచు. ఇది చదువు. ప్లాస్టిక్ గుళికలు ఆరబెట్టే గది ఒకటుంది మాకు, లోపల బాగా వేడి. అందులో కొన్ని పీటల్ని మడిచి మూడు రోజులు ఉంచాను. విప్పితే సగం టప్‌మన్నాయి. ఒకదాని మీద నేనెక్కి పక్కకి ఒంగానో లేదో, కాళ్ళు మడుచుకుపోయాయి. పక్కన బల్ల ఉంది కాబట్టి పట్టుకున్నాను. ఎందుకో కూడా తెలిసింది. విప్పినప్పుడు బొడిపెకి కన్నం ఉంది. మడిచినప్పుడు లేదు, పలకకి నొక్కుకుని ఉంటుంది. అలాగే వేడిలో రోజుల తరబడి నొక్కుకుని ఉంటే అరిగినట్టు చదునైపోతోంది. అకౌంట్సు ఆయన గెంతింది కొత్త పీట మీద. కొనుక్కున్నవాళ్ళు ఎక్కేది ఓడలో ఉడికి వచ్చిన పీట.

అమ్మ దాన్ని మడిచి పొయ్యి పక్కన పెడుతోందని చదవగానే ఇంటికి ఫోన్ చేశాను. నువ్వు ఆఫీసులో ఉన్నావు, అన్నయ్య లేడు. అమ్మే తీసింది. "అమ్మా, ఆ పీట ఎక్కకు" అన్నాను. "ఎందుకే? నువ్వు చేసిందేగా?" అంది. "అందుకే ఎక్కొద్దంటున్నాను." అవతల గిన్నె ఒకటి చప్పుడైంది. తర్వాత, "సరేలే తల్లీ, నీ ఇష్టం" అంది.

ఎక్కుతుంది వదినా. పీట దాచెయ్. కంటైనర్లు ఆపు. ఆపమని మీ ఆఫీసు నుంచే రావాలంటున్నాడు మా మేనేజరు. నాకిక్కడ కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.

మరదలు

~

జులై 15

అమ్మాయ్,

అత్తయ్య సంగతి మీ అన్నయ్య ఫోన్లో చెప్పే ఉంటాడు. ఆఫీసు పని మీద నేను ఊళ్ళో లేని రోజున బాత్రూమ్‌లో జారింది. కుడి మణికట్టు విరిగింది, కట్టు వేశారు. నొప్పి తగ్గింది, కోపం తగ్గలేదు, ఎడమ చేత్తో తినాల్సొస్తోందని. నీకు వచ్చే మొదటి అనుమానం నాకు తెలుసు కాబట్టి ముందే చెప్తున్నాను, పీట మీద నుంచి కాదు. నేను వచ్చేసరికి పీట మంచం కింద ఉంది. ఆవిడే తీసి అక్కడ పెట్టేసిందట. చూశావా, నీ మాట విన్నది. ఆసుపత్రి హడావుడిలో ఇల్లు పట్టించుకునే నాథుడు లేక, వంటింట్లో పంచదార ఒలికి చీమలు బారులు తీరాయి. నిన్నంతా అవే దులుపుతూ కూర్చున్నాను.

ఇప్పుడు నీ ఉత్తరం. మా పుట్టింట్లో 'నీ ఇష్టం' అంటే నీ ఇష్టమనే అర్థం. ఏం చదువుతావని మా నాన్న అడిగి, చెప్పాక "నీ ఇష్టం" అన్నాడు. అన్నాడు, చదివించాడు. మాటలకి తాళాలు వేసి, తాళంచెవులు మీలో మీరే దాచుకుంటే కోడళ్ళకెలా తెలుస్తుంది? నువ్వు మీరు అన్నది మా ఆఫీసునంతా కలిపి అన్నావనుకున్నాను.

ఒక మాట అడుగుతాను. నీకు అంత అనుమానముంటే 'వద్దు' అని రెండక్షరాలు ఎందుకు రాయలేదు? నేను చెప్పనా? వద్దంటే లైను ఆగుతుంది. ఆపింది నువ్వు కాకూడదు. ఆ మాట నా నోటితో రావాలి. కర్ర విరగకూడదు, పాము చావాలి. తీరా పాము చావకపోయేసరికి తప్పు నా మీదికి తోస్తున్నావు.

నువ్వు రాశావని కత్తెర గారి దగ్గరికి వెళ్ళాను. "ఫ్యాక్టరీ ఒప్పుకుందన్నారే!" అన్నాడు. గుళికల గది సంగతి చెప్పాను. ఆ గుళికల గదిలో ఉన్నంత వేడి ఏ ఓడలోనూ ఉండదన్నాడు, అందులోనూ నిజముంది. ఆలోచించగా నాకూ ఒకటి తట్టింది. మన ఇంట్లో పీట ఇన్ని రోజులు పొయ్యి పక్కనే మడిచి ఉంది. రోజూ ఒక పెద్దావిడ ఎక్కి దిగింది. దానికేం కాలేదు. అంతకంటే మంచి పరీక్ష ఏముంటుంది? అదే ఆయనకి చెప్పాను. కంటైనర్లు బయల్దేరతాయి.

మీ అన్నయ్య భార్య

~

జులై 18

వదినా,

వద్దు.

నువ్వడిగిన రెండక్షరాలు ముందు రాశాను. మిగతాది ఇప్పుడు చదువు.

మూడు రోజులుగా నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు. ఇంటికి చేస్తే అమ్మ పక్కనే ఉంటుంది, ఈ మాట ఆవిడ ముందు మాట్లాడలేను. అందుకే ఒక్క రోజులో చేరే కొరియర్‌లో ఉత్తరం ఒక్కటే పంపుతున్నాను, పెట్టె లేదు, పీట లేదు.

పంచదార డబ్బా ఉండేది పై అరలో. బాత్రూమ్‌లో జారిన మనిషి వంటింట్లో పంచదార ఎలా ఒలకబోసింది? నువ్వు లేవు. అన్నయ్యకి పంచదార పడదు, ఆ డబ్బా ముట్టుకోడు. పోనీ, అమ్మ ఎప్పుడైనా ఒక వస్తువుని మంచం కింద పెట్టిందా? మంచం కింద చెప్పులుంటేనే ఊరుకోని మనిషి. చెయ్యి విరిగిన ఆవిడ, అంత నొప్పిలో, ఎవరూ రాకముందు ఆ పీటని అక్కడికి తోసింది. నా మాట విని కాదు వదినా, నా కోసం.

నేనడిగితే చెప్పదు. నువ్వడుగు.

నీ ఉత్తరంలో కర్రా పామూ ముక్క మూడుసార్లు చదివాను. చదివినప్పుడల్లా కోపం వచ్చింది, మూడోసారి ఎవరి మీదో తెలిసింది. లైనులో వాళ్ళ ముఖాలు చూస్తూ వద్దనలేకపోయాను. దూరంగా ఉన్నావు కదా, నువ్వంటావనుకున్నాను. నిన్న మేనేజరు గదిలోకి వెళ్ళి, "ఈ పీటలు పంపొద్దు" అన్నాను. నువ్వెవరు చెప్పడానికన్నాడు. కాయితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఈ రోజు నన్ను లైను నుంచి తీసి గోదాములో వేశారు. ఇక్కడ కిటికీలోంచి కంటైనర్లు కనిపిస్తున్నాయి. ఒకటి అప్పుడే రేవుకి వెళ్ళిపోయింది. మిగతావాటికి తలుపులు మూస్తున్నారు.

నాకు భయమేస్తోంది. త్వరగా అడుగు.

నీ పిడుగు

~

జులై 24

పిడుగూ,

నీ ఉత్తరం ఆఫీసు గుమ్మంలోనే చదివి, లోపలికి వెళ్ళకుండా ఇంటికొచ్చేశాను. అత్తయ్య మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో దువ్వుకుంటోంది. మంచం కింద నుంచి పీట లాగి విప్పాను. టప్‌మంది. ఆ శబ్దం వినగానే ఆవిడ దువ్వెన ఆగిపోయింది. కాయితం మీద రాయలేనన్నావే, ఇక నువ్వు రాయక్కర్లేదు, నాకు తెలిసింది.

"అత్తయ్యా, ఎక్కడ పడ్డారు?" అన్నాను.

"బాత్రూమ్‌లోనమ్మా, చెప్పాగా."

"పంచదార బాత్రూమ్‌లో పెట్టుకున్నారా?"

దువ్వెన మంచం మీద పడేసింది. తర్వాత ఏడుపు కలిసిన కోపంతో అంది: "పీట మీద నుంచి పడ్డానంటే దాని ఉద్యోగం పోదూ? ఎవరికీ పేరు పెట్టే సందివ్వకుండా పెంచాను దాన్ని. నా చెయ్యిదేముంది, అతుక్కుంటుంది."

 అక్కడే, ఆ పీట పక్కనే నేల మీద కూలబడ్డాను. ఆవిడ దాచింది, నేను ఆ దాపరికాన్నే పరీక్ష అని తీసుకెళ్ళి ఆఫీసులో చూపించాను. ఆవిడ అబద్ధానికి ముద్ర వేసింది నేను. "అత్తయ్యా, ఇలాంటి పీటలు ఓడ ఎక్కుతున్నాయి. ఎవరింట్లోనో ఒకావిడ మీలాగే పై అర కోసం ఎక్కుతుంది. ఆవిడకి చెయ్యి దగ్గర ఆగుతుందో లేదో" అన్నాను.  ఆవిడే లేచింది. "నా చెప్పులేవీ? మీ ఆఫీసుకి ఎంత దూరం?" అంది.

వెళ్ళాం. నేను పీట పట్టుకున్నాను, ఆవిడ తన చెయ్యి పట్టుకుంది. కత్తెర గారు మా ఇద్దర్నీ చూసి కుర్చీ వేయించాడు గానీ, మాట మాత్రం వదల్లేదు. ఆసుపత్రి వాళ్ళు బాత్రూమ్ అని రాశారన్నారు కదా, ఇప్పుడు పీట ఎలా అయిందన్నాడు.

"రాయించింది నేనే బాబూ" అంది అత్తయ్య. "అబద్ధమూ నాదే, విరిగిందీ నాదే. మీకు నమ్మకంగా లేకపోతే, ఇదుగో పీట. ఎక్కండి. ఎక్కి, ఆ పైనున్న ఫైలు తీసి నాకివ్వండి."

 ఆయన లేచాడు. పీట విప్పాడు, టప్‌మంది. ఒక కాలు దాని మీద పెట్టాడు. అత్తయ్య కట్టు వైపు చూశాడు. కాలు తీసేశాడు. నెమ్మదిగా వెళ్ళి కుర్చీలో కూర్చుని, నా వైపు తిరిగి, "సరేనమ్మా, మీ ఇష్టం" అన్నాడు.

పిడుగూ, ఆ మాట వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇష్టం కాదండీ. ఆపాలా, పంపాలా? ఒక్క మాట రాసివ్వండి" అన్నాను. ఆఫీసులో నా గొంతు అంత పైకి లేస్తుందని నాకే తెలియదు. ఆయన కలం తీసి, 'ఆపండి' అని రాశాడు.

రేవులో ఉన్నవి ఆగాయి. ముందు వెళ్ళిన ఒక్కటి మాత్రం ఓడ మీద ఉంది. దాన్ని దిగే చోటే దుకాణాలకి వెళ్ళనివ్వకుండా ఆపమని అక్కడివాళ్ళకి తెలియజేశారు, సరేనని జవాబొచ్చింది.

రెండు రోజులు ఆ పాడు పీటనే మడుస్తూ, విప్పుతూ కూర్చున్నాను. బొడిపె తప్పేం లేదు. దానికి కూర్చోవడానికి చోటు లేదు, అంతే. పలకలో రెండో కన్నం పెడదాం. మడిచినా టక్, విప్పినా టక్. అచ్చులో చిన్న ముక్క అమరిస్తే చాలు, కొక్కెం అక్కర్లేదు, ధర పెరగదు. గీత ఇందులో ఉంది. ఈసారి నువ్వు సరే అంటే తప్ప ఎవరికీ చూపించను.

ఇంకొకటి చెప్పాలి, దాచను. ఇంత ఆలస్యానికి కత్తెర గారు సగం ఆర్డరు అవతలి ఫ్యాక్టరీకి ఇచ్చేశాడు. ఎంత మొత్తుకున్నా ఆపలేకపోయాను. నీ వాళ్ళ ముఖం నువ్వే చూడాలి, నేనిక్కడ దూరంగా ఉన్నాను. అదే నాకు బాధగా ఉంది.

నీ వదిన

~

ఆగస్టు 16

వదినా,

ఈసారి పెట్టెతో పంపుతున్నాను. ముందు పీట విప్పు, తర్వాత ఉత్తరం చదువు.

విన్నావా?

అచ్చు ముసలాయన ముక్క అమర్చాడు. నువ్వు గీసిన చోట పెడితే కన్నం అంచు పలచబడి చీలుతోంది, వేలెడు కిందకి జరిపాను. గుళికల గదిలో పెట్టాం, రేకుల షెడ్డులో పెట్టాం, బాయిలరు పక్కన పెట్టి మర్చిపోయాం కూడా. ప్రతిదాన్నీ నేనే ఎక్కి పక్కకి ఒంగి చూశాను. బల్ల పట్టుకోవాల్సిన పని పడలేదు.

మేనేజరు నన్ను మళ్ళీ లైను మీదకి పిలిచాడు. ప్రేమతో కాదు, ఈ అచ్చుతో వేగే ఓపిక ఇంకెవరికీ లేక. లైను మాత్రం సగమే నడుస్తోంది. మిగతా సగం మీద గుడ్డ కప్పారు. ప్యాకింగు ఆవిడని తీసేశారు. వెళ్ళేరోజు నా దగ్గరికొచ్చి, "నువ్వు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది కదక్కా" అంది. తిట్టలేదు, మామూలుగా అంది. అమ్మ చెయ్యి సంగతి చెబుదామనుకున్నాను. ఆవిడ ఇంటికి అది సమాధానం కాదనిపించి ఊరుకున్నాను. ఆర్డరు పెరిగితే మొదట ఆవిడనే పిలవమని మేనేజరుకి చెప్పాను. చూస్తానన్నాడు. 'చూస్తాను' అంటే ఆయన ఇంట్లో అర్థమేమిటో నాకు తెలియదు.

నీ గీతకి నా జవాబు: సరే. ఇది తీసుకెళ్ళి మీటింగులో చదువుకో.

అమ్మ కట్టు విప్పారని అన్నయ్య చెప్పాడు. పెట్టె రాగానే కొత్త పీట తనకే కావాలంటుంది, నాకు తెలుసు. ముందు అన్నయ్యతో ఆ పంచదార డబ్బాని కింది అరలోకి మార్పించు. డాక్టరు సరేననేదాకా పీట కాదు కదా, గడప కూడా ఎక్కొద్దని నా మాటగా చెప్పు. 'అలాగే' అంటే నమ్ము. 'ఎక్కుతాను పో' అని పోట్లాడినా పర్లేదు, పోట్లాడు.

'మీ ఇష్టం' అంటే మాత్రం, వెంటనే పీట దాచెయ్.

నీ పిడుగు